బుద్ధుడు బోధించిన తీరు

గౌతమబుద్ధుని పుట్టుకను, రాజభవనములోని ఆయన బాల్యమును, వృద్ధుని, రోగిని, శవమును చూచి ఆయన కలతపడిన వృత్తాంతమును మీరు క్రింది తరగతులలో చదివియే యుందురు. ఆ కథ తరచుగా బోధివృక్షము క్రింద ముగియుచుండును. కాని అప్పటికి గౌతముని వయస్సు 35 సంవత్సరములు మాత్రమే. అటుపిమ్మట ఆయన మరి 45 సంవత్సరములు జీవించెను. ఆ కాలమంతయు కాలినడకను ఊరూర తిరుగుచు, భిక్షాన్నము భుజించుచు, జనులకు బోధించుచు గడపెను. ఆయనకు సైన్యము లేదు. ధనాగారము లేదు. మాట వినని వానిని చెరలో పెట్టు అధికారము లేదు. అయినను రాజులు, వర్తకులు, కృషీవలులు, క్షురకులు, దొంగలు సైతము ఆయన యెదుటికి వచ్చి తమ బ్రదుకులు మార్చుకొనిరి. ఇది యెట్లు సాధ్యమైనదో తెలిసికొనవలెనన్న ఆయన జీవితములోని ఈ రెండవ భాగమును చూడవలెను.

ఆయన క్రీ. పూ. 563లో జన్మించి 483లో నిర్యాణము చెందెనని గ్రంథములందు చాలకాలముగా వ్రాయుచున్నారు. ఇటీవలి పరిశోధకులలో పలువురు ఆ కాలమును కొన్ని దశాబ్దములు ఈవలికి తెచ్చుచున్నారు. జన్మస్థలము లుంబిని యని అశోకచక్రవర్తి నాటించిన శిలాస్తంభము సాక్ష్యమిచ్చుచున్నది. నేటి నేపాళ దేశములోనున్న ఆ స్తంభముపై శాసనము 1896లో వెలుగులోనికి వచ్చెను. బుద్ధుని జీవితమునకు సంబంధించిన కథలలో కొన్ని పాలీభాషలోని త్రిపిటకములలో నున్నవి. మరికొన్ని తరువాతి వ్యాఖ్యాతలు చేర్చినవి. ఇక్కడ చెప్పబోవునవి రెండు విధములైనవియును గలవు.

జ్ఞానోదయమైన పిదప గౌతముడు వెంటనే బోధింప పూనుకొనలేదు. తాను కనుగొన్నది సూక్ష్మమైనది, దానిని గ్రహించువారు అరుదు అని కొంతకాలము సంకోచించెను. తుదకు బోధింప నిశ్చయించుకొని, తన తొలి గురువులైన ఆలారకాలాముని, ఉద్రకరామపుత్రుని తలచుకొనెను. కాని వారిరువురును అప్పటికే మరణించియుండిరి. అప్పుడు, తనతో కలిసి తపస్సు చేసిన ఐదుగురు మిత్రులు జ్ఞప్తికి వచ్చిరి. వారు కాశీ సమీపమున ఋషిపత్తనమున నుండిరి. దానినే నేడు సారనాథ మందురు.

ఆయన అచ్చటికి బయలుదేరెను. త్రోవలో ఉపకుడను ఆజీవక సన్న్యాసి యెదురయ్యెను. గౌతముని ముఖములోని ప్రశాంతతను చూచి ఆశ్చర్యపడి, నీ గురువెవరని అడిగెను. తనకు గురువు లేడనియు, సర్వమును జయించిన వాడను తానే యనియు గౌతముడు ప్రకటించెను. ఉపకుడు అటులనే యగుగాక యని తల యూపి, వేరొక త్రోవ పట్టి పోయెను. బుద్ధుడు లోకమునకు చెప్పిన మొదటి మాట ఇట్లు గాలిలో కలిసిపోయెను! శిష్యులు తమ గురువును గూర్చిన ఈ వృత్తాంతమును దాచక గ్రంథములో చేర్చుట మెచ్చదగిన విషయము. తానెంత గొప్పవాడో చెప్పుకొన్నంత మాత్రమున ఎవడును మారడని ఆ బాటసారి ఆయనకు తెలియజేసెనేమో యని నాకు తోచుచున్నది.

ఋషిపత్తనములోని ఐదుగురును ఆయనను దూరమునుండియే చూచిరి. కఠోరతపస్సు మాని అన్నము తిన్నవాడని వారికి ఆయనపై కోపము. లేచి స్వాగతమీయరాదని తమలో తాము కట్టడి చేసికొనిరి. కాని ఆయన సమీపించుసరికి ఒకడు భిక్షాపాత్ర నందుకొనెను. ఒకడు ఆసనము వేసెను. ఒకడు కాళ్లకు నీళ్లు తెచ్చెను. అయినను ఆయన మాటను వారు నమ్మలేదు. ముమ్మారు కాదనిరి. అప్పుడాయన వారినొక ప్రశ్న అడిగెను. ఇన్నేండ్లు మనము కలిసియుంటిమి గదా, నేను ఇంతకు ముందెన్నడైన ఇట్లు మాటలాడుట వింటిరా యని. వారు ఆలోచించుకొనిరి. వినలేదని ఒప్పుకొనిరి. వాదముతో తెరువబడని తలుపు ఆ ప్రశ్నతో తెరువబడెను. అందులో ముందుగా గ్రహించినవాడు కౌండిన్యుడు. తక్కినవారికి కొన్ని దినములు పట్టినది. ఇద్దరికి ఆయన బోధించుచుండగా ముగ్గురు భిక్షకు పోవుదురు. ముగ్గురికి బోధించుచుండగా ఇద్దరు పోవుదురు. తెచ్చినదానితో ఆరుగురును కడుపు నింపుకొనుచుండిరి. ఇదియే ఆయన మొదటి పాఠశాల.

కొద్దికాలమునకే శిష్యుల సంఖ్య అరువదికి చేరెను. అంతటితో వేరొకరైనచో వారినందరిని తన చుట్టు ఉంచుకొని పెద్ద మఠమును కట్టించి యుందురు. బుద్ధుడు వారిని పంపివేసెను. పెక్కుమంది మేలుకొరకు దేశమంతట తిరుగుడని, ఏ ఇద్దరును ఒకే త్రోవన పోవలదని ఆదేశించెను. నిన్న నేర్చుకొన్నవాడు నేడు ఒంటరిగా నిలువబడి ఇతరులకు చెప్పవలెను. చెప్పుటకు నిలువబడినప్పుడే తనకెంత తెలిసినదో వానికే తెలియును.

వారు ఏ భాషలో చెప్పవలెను? ఈ ప్రశ్న కొన్నాళ్లకు నిజముగనే వచ్చినది. బ్రాహ్మణ కులమున పుట్టి, చక్కని ఉచ్చారణ గల ఇద్దరు అన్నదమ్ములు భిక్షువులైరి. నానాజాతులవారు తమ తమ యాసలలో గురువాక్యమును పాడుచేయుచున్నారని వారికి బాధ కలిగెను. దానిని వైదిక ఛందస్సులో కూర్చుదుమని వేడిరి. బుద్ధుడు అంగీకరింపక వారిని మందలించెను. ఎవరి భాషలో వారు నేర్చుకొనవచ్చునని ఆయన అనుజ్ఞ ఇచ్చెనని పలువురు పండితులు చెప్పుదురు. పొలము దున్నించుచున్న బ్రాహ్మణుడొకడు, నీవును దున్ని విత్తి తినరాదా యని ఆక్షేపించినప్పుడు, శ్రద్ధ విత్తనముగా, ప్రజ్ఞ కాడి నాగలిగా తానును సేద్యము చేయుచున్నానని వాని మాటలలోనే వానికి బదులు చెప్పెను.

ఆయన కుమారుడు రాహులుడు చిన్నవయస్సుననే సంఘమున చేరెను. ఒకనాడు బుద్ధుడు ఆ బాలుని చూడబోయెను. రాహులుడు ఆసనము వేసి, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లుంచెను. బుద్ధుడు కాళ్లు కడుగుకొని, పాత్రలో కొంచెము నీరు మిగిల్చి, ఇది యెంతయున్నదో చూచితివా యని అడిగెను. తెలిసి అబద్ధమాడుటకు సిగ్గుపడని వానిలోని మంచితనము అంతియే యని చెప్పెను. ఆ నీరు పారబోసి, మంచితనమును అట్లే పారబోసికొనుటయని చెప్పెను. పాత్రను బోర్లించి చూపెను. మరల వెల్లకిల త్రిప్పి, దాని శూన్యమును చూపెను. పిదప, అద్దము దేనికి ఉపయోగపడునని ప్రశ్నించెను. చూచుకొనుటకని బాలుడు చెప్పెను. అట్లే ప్రతి పనిని చేయుటకు ముందు, చేయుచున్నప్పుడు, చేసిన పిమ్మట, దానివలన తనకుగాని పరులకుగాని కీడు కలుగునా యని చూచుకొమ్మని చెప్పెను. ఇంటిలోని చెంబు ఒక్కటియే ఈ పాఠమునకు పనిముట్టు. తండ్రి వెడలిన తరువాత కూడ ఆ చెంబు బాలుని కన్నుల యెదుట ఉండనే యుండును గదా!

చంపానగరమునందలి ధనికుని కుమారుడు సోణుని కథ వేరు. అతడు అతిసుకుమారుడు. భిక్షువై, పట్టుదలతో రేయింబవళ్లు నడచుచు ధ్యానము చేయగా పాదములు పగిలి, నడచిన నేలయంతయు నెత్తుటితో తడిసెను. ఇంత చేసినను ఫలము లేకపోయె, ఇంటికి మరలిపోయి దానధర్మములు చేసికొనుట మేలని తలపోయుచుండెను. బుద్ధుడు వచ్చి, నీవు పూర్వము వీణ వాయించుటలో నేర్పరివి గదా యని పలుకరించెను. తంత్రులు మిక్కిలి బిగించినచో పలుకునా? పలుకదు. మిక్కిలి వదులు చేసినచో? అప్పుడును పలుకదు. తగినట్లు శ్రుతి చేసినచో? పలుకును. సోణుని సాధనయు అట్టిదే యని బుద్ధుడు చెప్పెను. సోణుడు తన పట్టుదలకు తానే శ్రుతి చేసికొనెను.

మందబుద్ధులను ఆయన ఎట్లు చూచెనో తెలుపు కథ యొకటి గలదు. చుల్లపంథకుడను భిక్షువు నాలుగు మాసములు శ్రమపడినను ఒక్క శ్లోకమును నేర్చుకొనలేకపోయెను. అతని అన్నయే అతనిని విహారమునుండి వెడలగొట్టెను. ద్వారముకడ విలపించుచున్న అతనిని బుద్ధుడు చేయిపట్టి లోనికి తెచ్చి, తెల్లని వస్త్రఖండము నొకదానిని చేతికిచ్చి, ఎండకెదురుగా కూర్చుండి దీనిని రుద్దుచుండుమనెను. మలినము తొలగించుట యను మాటను మాత్రము పలుకుచుండుమనెను. చేతి చెమటకు శుభ్రమైన గుడ్డ క్రమముగా మాసెను. ఆ మార్పును కన్నులార చూచుచు చుల్లపంథకుడు మనస్సునకును మాలిన్యమంటు తీరును గ్రహించెను. శ్లోకము నోటికి రానివానికి చేతిపని ద్వారా అర్థము తెలిసినది.

శ్రావస్తిలో కృశగౌతమి యను యువతి యుండెను. తప్పటడుగులు వేయు ఆమె బిడ్డ హఠాత్తుగా మరణించెను. ఆమె మతి చలించి, ఆ శవమును చంకనెత్తుకొని మందీయుడని ఇల్లిల్లు తిరిగెను. చచ్చినవానికి మందెక్కడిదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. ఆమె చెవికి ఆ మాట సోకలేదు. ఒకడు జాలిపడి బుద్ధునికడకు పొమ్మనెను. బుద్ధుడు మందు లేదని చెప్పలేదు. చిటికెడు ఆవాలు తెమ్మనెను. కొడుకుగాని, కూతురుగాని, మరెవరుగాని మరణింపని ఇంటినుండి మాత్రము తేవలెనని నియమము పెట్టెను. ఆవాలు లేని ఇల్లుండునా? మొదటి ఇంటిలోనే దోసిట పోయబోయిరి. మీ ఇంట నెవరైన మరణించిరా యని ఆమె అడిగెను. ఏమి మాటలాడుచున్నావమ్మా, బ్రదికియున్నవారు కొందరు, పోయినవారే పెక్కురని వారు వాపోయిరి. రెండవ యింట తండ్రి, మూడవ యింట కుమార్తె. సాయంకాలమగుసరికి ఆమెకు పురమంతయు ఒకే యిల్లుగా కనబడెను. అడవికి పోయి బిడ్డను అచ్చట విడిచి, వట్టి చేతులతో తిరిగివచ్చెను. ఆవాలు దొరకినవా యని బుద్ధుడడిగెను. ఇక ఆవాలతో పనిలేదని ఆమె చెప్పెను. పొరుగువారు పలికిన సత్యమును, ఆమె తెలిసికొన్న సత్యమును ఒక్కటే. కాని మధ్య ఆ పగలంతయు నడచిన నడక యున్నది.

కోసలరాజు ప్రసేనజిత్తు భోజనప్రియుడు. ఒకనాడు కడుపార తిని ఆయాసముతో రొప్పుచు బుద్ధుని దర్శనమునకు వచ్చెను. మితముగా తినువాని బాధలు తగ్గునని, వానికి వార్ధక్యము మెల్లగా వచ్చునని బుద్ధుడొక చిన్న పద్యము చెప్పెను. రాజు సుదర్శనుడను బాలునిచే ఆ పద్యమును వల్లెవేయించి, తాను భుజించు ప్రతిమారు దానిని చదువుమని నియమించి, అందుకై దినమునకు నూరు కార్షాపణములు జీతమేర్పరచెను. కొన్నాళ్లకు రాజు శరీరము తేలికపడెను. పద్యము బుద్ధునిదే యైనను, ఉపాయము రాజు కనిపెట్టినది.

ఆయన పుట్టిన శాక్యవంశమునకు, పొరుగున నున్న కోలియులకు మధ్య రోహిణీనది కలదు. ఆ నదికి కట్టిన ఒకే ఆనకట్టనుండి ఇరువురును పొలములకు నీరు పారించుకొనుచుండిరి. ఒక వేసవిలో పైరు వాడిపోవుచుండగా, నీరు మాకన్న మాకని పాలేండ్లు తగవులాడిరి. మాట మాట పెరిగి వంశములను దూషించుకొనిరి. ఆ దూషణలు పెద్దల చెవిని పడినవి. ఇరువైపుల వారును ఆయుధములు ధరించి నదీతీరమునకు వచ్చిరి. బుద్ధుడు వారి నడుమ నిలిచి, కలహమునకు కారణమేమని రాజులనడిగెను. తమకు తెలియదు, సేనాపతి నడుగుడనిరి. సేనాపతి మరియొకరిని చూపెను. ఆ ప్రశ్న మెట్టుమెట్టుగా క్రిందికి దిగి, తుదకు పాలేండ్ల కడకు వచ్చెను. నీటికొరకని వారు చెప్పిరి. చంపుటకును చచ్చుటకును సిద్ధపడివచ్చిన వారిలో చాలమందికి తాము దేనికొరకు వచ్చిరో తెలియదని అందరి యెదుట బయలుపడెను. అప్పుడు బుద్ధుడు నీటి విలువ యెంత, మనుష్యుల రక్తము విలువ యెంత యని అడిగెను. వారు సిగ్గుపడి ఆయుధములు దించిరి.

అయితే ఆయన మాట ప్రతిసారియు నెగ్గినదని తలంపరాదు. సొంత సంఘములోనే ఒకమారు ఓడిపోయెను. కౌశాంబిలో ఒక పండితభిక్షువు శౌచశాలలోని పాత్రయందు కొంచెము నీరు మిగిల్చివచ్చెను. అది నియమభంగమని, నియమములలో ఆరితేరిన మరియొక భిక్షువు చెప్పెను. తెలియక చేసినచో దోషము లేదని అతడే తేల్చి, పిమ్మట తన శిష్యులతో ఆ పండితునకు తప్పనునది తెలియదని వెక్కిరించెను. ఇంతమాత్రమునకు విహారము రెండుగా చీలినది. బుద్ధుడు ఇరుపక్షములకును హితము చెప్పెను. పూర్వరాజుల కథ చెప్పెను. వారు, తమరు నిశ్చింతగా నుండుడు, ఈ కలహమును మేము చూచుకొందుమని ఆయనకే బదులు చెప్పిరి. ఆయన మరి మాటలాడలేదు. తన ఆసనమును సర్దుకొని, పాత్రను తీసికొని, ఎవరికిని చెప్పక ఒంటరిగా పారిలేయకవనమునకు వెడలిపోయెను. ఆ అడవిలో నొక ఏనుగు ఆయనకు పరిచర్య చేసెనని కథ.

కౌశాంబి పురజనులకు ఈ సంగతి తెలిసెను. వీరివలన మనకు బుద్ధుని దర్శనము లేకపోయెనని వారు ఆగ్రహించి, ఆ భిక్షువులకు నమస్కరించుట మానిరి. భిక్ష పెట్టుట మానిరి. ఆకలి వారికి పాఠము చెప్పెను. ఇరుపక్షముల వారును శ్రావస్తికి పోయిరి. బుద్ధుడు వారిని గేలిచేయలేదు; ఇరువురికిని వసతి చూపించి, అన్నము సమముగా పంచుమని తక్కిన భిక్షువులకు చెప్పెను. మొదటి భిక్షువు తన తప్పును తానే ఒప్పుకొనగా కలహము చల్లారెను.

ఆయన తన అభిప్రాయమును మార్చుకొనిన సందర్భమును చెప్పక విడువరాదు. పెంచిన తల్లియైన మహాప్రజాపతి గౌతమి స్త్రీలకును సంఘమున ప్రవేశమీయుమని కోరగా ఆయన ముమ్మారు నిరాకరించెను. ఆమె తల గొరిగించుకొని, పెక్కుమంది శాక్యస్త్రీలతో కపిలవస్తువునుండి వైశాలికి నడచివచ్చి, వాచిన పాదములతో ద్వారము వెలుపల నిలిచి కన్నీరు పెట్టెను. అప్పుడు ఆనందుడు బుద్ధుని ఒక ప్రశ్న అడిగెను. స్త్రీలు పరమఫలమును పొందగలరా, పొందలేరా? పొందగలరని బుద్ధుడు చెప్పెను. అట్లయినచో కాదనుటకు కారణమేమి? ఇతరులకు తాను నేర్పిన పద్ధతితోనే శిష్యుడు తన్ను పట్టుకొనెను. బుద్ధుడు అంగీకరించెను. కాని భిక్షుణులను భిక్షువులకు లోబరచు ఎనిమిది నిబంధనలు విధించెనని గ్రంథములు చెప్పుచున్నవి. ఆ నిబంధనలు న్యాయమైనవని నేటివారు అంగీకరింపరు.

ఆయన కీర్తి గోదావరి వరకును వ్యాపించినది. అస్సక దేశమున గోదావరీతీరమునందు బావరి యను వృద్ధ బ్రాహ్మణుడు శిష్యులతో నివసించుచుండెను. అస్సక రాజధానియైన పోతనమే నేటి తెలంగాణములోని బోధన్ పట్టణమని పలువురు చరిత్రకారులు తలంచుచున్నారు. బావరి తన పదునార్గురు శిష్యులను బుద్ధుని పరీక్షించి రమ్మని పంపెను. వారు ప్రతిష్ఠానము, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధ చేరిరి. ఒక్కొక్కడు తన సందేహమును తాను అడిగెను. ఎవరి ప్రశ్నకు తగిన సమాధానము వారికి లభించెను. వారిలో వయోవృద్ధుడైన పింగియుడు మరల గోదావరికి వచ్చి బావరికి సర్వమును నివేదించెను.

బుద్ధుడు వృద్ధుడయ్యెను. అప్పుడు బంధువును, శిష్యుడునైన దేవదత్తుడు నిండుసభలో లేచి, మీరు విశ్రాంతి గైకొనుడు, సంఘమును నేను నడిపెదనని కోరెను. సారిపుత్ర మౌద్గల్యాయనులకే ఈయని సంఘమును నీకిత్తునా యని బుద్ధుడు తీవ్రముగా నిరాకరించెను. ఆ మాట దేవదత్తుని మనస్సున ములుకువలె నాటుకొనెను. అతడు గృధ్రకూటము మీదినుండి బండ దొరలించెను. నాళాగిరి యను మదపుటేనుగును వీథిలోనికి విడిపించెను. ఆ యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లిన దృశ్యమును అమరావతి శిల్పి యొకడు వర్తులాకారపు సున్నపురాతిపై చెక్కెను. ఏనుగు వీథిలో పడి తొక్కుచుండుట, మేడలపై జనులు భయపడి చూచుట, తుదకు అది శాంతించుట ఒకే రాతిలో కలవు. ఆ శిల్పము చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. అవకాశము కలిగినవారు తప్పక చూడవలెను.

ఇక చివరి యేడు. బుద్ధుడు రాజగృహమున గృధ్రకూటముపై నుండగా మగధ మంత్రి వర్షకారుడు వచ్చెను. అజాతశత్రువు వజ్జిదేశముపై దండెత్త సంకల్పించెను. వజ్జులకు రాజు లేడు. సభలో కూడి నిర్ణయించుకొని పాలించుకొను గణమువారు. ఈ యుద్ధమును గూర్చి బుద్ధుడేమనునో తెలిసికొని రమ్మని అజాతశత్రువు మంత్రిని పంపెను. బుద్ధుడు మంత్రికి బదులీయలేదు. వెనుక నిలిచి విసరుచున్న ఆనందునివైపు తిరిగి ఏడు ప్రశ్నలడిగెను. వజ్జులు తరచుగా సభ చేరుచున్నారా? కలిసి కూర్చుండి కలిసి లేచుచున్నారా? పూర్వుల కట్టుబాట్లను పాటించుచున్నారా? పెద్దల మాట వినుచున్నారా? స్త్రీలను బలాత్కరింపక యున్నారా? తమ పూజాస్థలములను గౌరవించుచున్నారా? సాధువులను రక్షించుచున్నారా? అన్నిటికిని అవునని ఆనందుడు చెప్పెను. అట్లున్నంతకాలము వారికి వృద్ధియే గాని క్షయము లేదని బుద్ధుడు పలికెను.

వర్షకారుడు బుద్ధిమంతుడు. చెప్పనిదానిని కూడ గ్రహించెను. యుద్ధముచేత వజ్జులు లొంగరు; వారిలో వారికి భేదము కల్పింపవలెనని తలచి సెలవు తీసికొనెను. తరువాత అతడు రాజాగ్రహమునకు గురియైన వానివలె నటించి వైశాలి చేరి, ఒక్కొక్కని చెవిలో ఒక్కొక్క మాట ఊది, మూడేండ్లలో వారి ఐక్యమును చెడగొట్టెననియు, శత్రువు వచ్చి భేరి మ్రోగించినను ఒక్కడును సభకు రాలేదనియు వ్యాఖ్యాతలు వ్రాసిరి. వినువానినే తేల్చుకొననిచ్చు బోధలో ఈ యపాయము లేకపోలేదు. మంత్రి వెడలిన వెంటనే బుద్ధుడు రాజగృహ ప్రాంతములోని భిక్షువులనెల్ల పిలిపించి, ఇట్టి సూత్రములనే సంఘమునకు ఉపదేశించెను.

అటనుండి ఉత్తరముగా సాగిన ప్రయాణములో వైశాలి సమీపమున ఆయనకు తీవ్రమైన జబ్బు చేసెను. కోలుకొనిన పిదప ఆనందుడు, సంఘమును గూర్చి యేదో చెప్పక మీరు పోరని ధైర్యముతో నుంటినని అనెను. సంఘము ఇంకను తన నుండి ఏమి కోరుచున్నదని బుద్ధుడు అడిగెను. కొందరు గురువులు కొంత విద్యను పిడికిట మూసి దాచుకొందురు. తనకట్టి మూసిన పిడికిలి లేదనెను. తాను తోళ్లతో బిగించిన పాతబండివలె ఎట్లో సాగుచున్నాననియు, ఇక ఎవరికి వారే ఆశ్రయముగా, ధర్మమే ఆశ్రయముగా నుండవలెననియు చెప్పెను.

పావాపురమున చుందుడను కమ్మరి భోజనము పెట్టెను. అది తిన్న పిమ్మట వ్యాధి ముదిరినది. తన భోజనమే గురువును బలిగొన్నదని చుందుడు కుమిలిపోవునేమో యని బుద్ధుడు చింతించి, అతనిని ఓదార్చుటకు ఏమి చెప్పవలెనో ఆనందునకు నేర్పెను. కుశినగరమున రెండు సాలవృక్షముల నడుమ పరుండెను. సుభద్రుడను సన్న్యాసి వచ్చి సందేహమడుగ గోరగా, అలసియున్నారని ఆనందుడు అడ్డగించెను. రానిమ్మని పిలిచి అతనికిని బోధించెను. పిదప, సందేహమున్న అడుగుడని భిక్షువులతో ముమ్మారు చెప్పెను. ఎవరును పలుకలేదు. గురువుపై గౌరవముచేత అడుగలేకున్నచో మిత్రుడు మిత్రునికి చెప్పి అడిగింపవచ్చుననెను. అప్పుడును నిశ్శబ్దమే. ఆ రాత్రి గడువకముందే, ఎనుబదియవ యేట, ఆయన నిర్యాణము చెందెను.

కొంతకాలము గడచినది. అజాతశత్రువు ఉజ్జయినీ రాజైన ప్రద్యోతునికి భయపడి రాజగృహపు కోటను బలపరచుచుండెను. ఆ పనులను పర్యవేక్షించుచున్న వర్షకారుడు ఒకనాడు ఆనందుని చూచెను. బుద్ధుడు తన స్థానమున నెవనినైన నియమించెనా యని అడిగెను. లేదని ఆనందుడు చెప్పెను. పోనిండు, సంఘము కూడి ఎవనినైన నాయకునిగా ఎన్నుకొన్నదా? అదియును లేదు. ఆశ్రయము లేక మీరింత ఐక్యముగా నెట్లున్నారని మంత్రి ఆశ్చర్యపడెను. ఆశ్రయము లేకపోలేదు, ధర్మమే మా ఆశ్రయమని ఆనందుడు చెప్పెను. పర్వదినములందు ఒక్కొక్క పల్లె పరిసరములలో నున్న భిక్షువులందరును ఒకచో కూడుదురు. నియమములు తెలిసినవాడు వానిని వల్లించును. తప్పు చేసినవాడు అందున్నచో, ఆ నియమములు చెప్పినట్లే అతనిని సరిదిద్దుదురు. సరిదిద్దునది ఏ యొక్క మనుష్యుడును కాదు, ధర్మమే యని ఆనందుడు వివరించెను.

వర్షకారుడు మరికొంతసేపు సంభాషించి, తనకు పనులు పెక్కు గలవని చెప్పి లేచి వెడలెను. కోటగోడల పని ఇంకను సాగుచుండెను.